నెల్లూరును కొట్టేసిన రోజులు

మా నాయన కందుకూరు తాలూకాఫీసులో గుమాస్తా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది. ఆ నెలలోనే ఒక సాయంత్రం ఆయన సైకిలు క్యారియర్ మీద ఫారాల కట్ట ఒకటి కట్టుకొని ఇంటికొచ్చాడు. అచ్చువేసిన ఫారాలు. ప్రతిదాని నెత్తిన ‘నెల్లూరు జిల్లా’ అని ఉంది. కొత్తవి అచ్చయి వచ్చేదాకా పనులు ఆగవు గదా. పాతవాటి మీదే నెల్లూరు కొట్టేసి ఒంగోలు అని రాసుకోమన్నారంట. ఆఫీసులో పగలంతా కూర్చున్నా తెమలడం లేదని ఇంటికి మోసుకొచ్చాడు.

వసారాలో చాప పరిచి నన్నూ అక్కనూ కూర్చోబెట్టాడు. నాకప్పుడు పన్నెండేళ్లు, అక్కకు పధ్నాలుగు. నా చేతికి రూళ్లకర్రా ఎర్రసిరా కలమూ ఇచ్చాడు. నేను గీత కొట్టాలి, అక్క దాని పైన నీలంసిరాతో ఒంగోలు అని రాయాలి. అక్క దస్తూరి బాగుంటుంది. నాది కోడి గెలికినట్టు ఉంటుంది. గీత అక్షరాల నడిమధ్యగా, సన్నగా పోవాలి. లావుగా పులిమితే నాయన ఊరుకునేవాడు కాదు. “కొట్టేసినా కింద ఏముండిందో చదవను రావాలబ్బాయా,” అనేవాడు.

రెండోరోజు నేను అలిగాను. ఎంతసేపూ గీతలేనా, రాసే పని కూడా కావాలన్నాను. అక్క పోనీలే అని కలం ఇచ్చింది. సిరా మరకలు పడ్డవీ, తప్పులు పోయినవీ ఆఫీసుకు పనికిరావు. నాయన వాటిని ఒక పక్కనబెట్టి, వెనకవైపు లెక్కలు చేసుకోమని మాకే ఇచ్చేశాడు. నేను రాయడం మొదలుపెట్టాక ఆ పక్కనబెట్టిన దొంతర గబగబా పెరిగింది. ఆ ఏడంతా నా లెక్కల చిత్తుకాయితాలకు కొదవ లేదు.

తాత అరుగు మీద నుంచి ఇదంతా చూస్తా ఉన్నాడు.

“ఏందిరా అబ్బయ్యా ఆ గీతలు?”

“నెల్లూరు కొట్టేస్తున్నా తాతా.”

“కొట్టు కొట్టు. నేను మద్రాసునే కొట్టేసొచ్చినోణ్ణి.”

ఆ మాట వెనక ఒక గట్టు తగాదా ఉంది. మా చేనికీ పక్క చేనికీ మధ్య గట్టు. దాని వెడల్పు మూడు మూరలుంటుందేమో. తాత తండ్రి నాటి నుంచి నానుతూ వచ్చి, కింది కోర్టులు దాటి, 1951లో మద్రాసు హైకోర్టుకు ఎక్కింది. ఆ రోజుల్లో మాకు పట్నం అంటే మద్రాసే. సింగరాయకొండలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సెంట్రల్లో దిగొచ్చు. తంబుచెట్టి వీధిలో వకీలుగారి ఆఫీసు. అయ్యంగారే అయినా తెలుగు శుభ్రంగా మాట్లాడేవాడంట. వాయిదా ఉంటే ఒక పూట కోర్టుకు, మిగతా పూట మూర్ మార్కెట్టుకు. అట్టా ఒకసారి మూర్ మార్కెట్లో బేరమాడి ఒక ట్రంకు పెట్టె కొనుక్కొచ్చాడు తాత. ఆకుపచ్చ రంగుది, మూత మీద రెండు గులాబీలు. కేసు కాయితాలన్నీ అందులోనే.

1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో దీక్షకు కూర్చున్నారు. తాత ఆ మధ్యలో వాయిదాకు పోయి, మనిషిని చూసొద్దామని ఆ ఇంటిదాకా వెళ్లాడంట. లోపలికి పోలేదు. వాకిట్లో జనం, అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. చావింటి ముందర మాట్లాడుకున్నట్టు ఉండిందిరా, మనిషి బతికి ఉండంగానే, అని చెప్పేవాడు. 58 రోజులు. డిసెంబర్ 15 రాత్రి ఆయన పోయారు. తర్వాత నాలుగు రోజులకు, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. మద్రాసు నగరం మాత్రం అందులో లేదు. ‘మద్రాసు మనదే’ అని కందుకూరు బజార్లో అరిచినవాళ్లలో తాత ఒకడు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. అరిచిన గొంతులు తగ్గిపోయాయి. కేసు మాత్రం మద్రాసులోనే ఉంది.

అక్కడి నుంచి దాని ప్రయాణం చూడాల. 1954 జులైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టారు. మన కేసులన్నీ అక్కడికి బదిలీ. అయ్యంగారు కట్ట విప్పి, ఒక్కో కాయితం లెక్కపెట్టి, తాత చేత రసీదు రాయించుకొని ఇచ్చేశాడంట. ఫీజు బాకీ అడగలేదు. తాత ఆయన్ను ఎప్పుడు తలుచుకున్నా ముందు ఆ మాటే చెప్పేవాడు. గుంటూరు దగ్గర గదా అని తాత సంబరపడ్డాడు. కొత్త వకీలు, కొత్త వకాలత్, మళ్లీ ఫీజు. ఆ వకీలు కట్ట మొత్తం చదివే సమయానికి 1956 నవంబర్ 1 వచ్చింది. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, హైకోర్టు హైదరాబాదుకు పోయింది. తాతకు హైదరాబాదు అంటే ఏ దిక్కో కూడా తెలియదు. మొదటిసారి పోయినప్పుడు రిక్షావాడి మాట తాతకు, తాత మాట రిక్షావాడికి అర్థం కాక, హైకోర్టుకని ఎక్కి ఎక్కడో పెద్దాసుపత్రి ముందు దిగాడంట. 1959లో తీర్పు వచ్చింది. గట్టు మాదే. అప్పటికి దాని నిండా తుమ్మచెట్లు పెరిగి, మావాళ్లూ అవతలివాళ్లూ కలిసే కంపలు కొట్టుకుంటున్నారు.

రాష్ట్రం విడిపోతే ఏమవుతుందని నన్నెవరన్నా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కాయితాల కట్ట. రాజధాని ఆఫీసులు నడిచిన కర్నూలు గుడారాలూ, సీమ, కోస్తా నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందమూ తర్వాత. జనం చేలు అక్కడే ఉంటాయి, కాయితాలు మాత్రం ఊళ్లు తిరుగుతాయి. వాటి వెనకాల మనుషులు తిరుగుతారు, చెప్పులు అరుగుతాయి.

ఇక్కడొక మాట. నెల్లూరు జిల్లాకు 2008లో పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. ఆయన పుట్టింది మద్రాసులో. పూర్వీకుల ఊరు పడమటిపల్లె, కనిగిరి తాలూకా. అది 1970లో మాతో పాటే నెల్లూరును విడిచొచ్చి ఇటు చేరింది. మా జిల్లాకు 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆయన 1872లో పుట్టేనాటికి ఒంగోలు తాలూకా ఉండింది నెల్లూరు జిల్లాలో. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు గదా అటు పోయింది. అంటే ఈ జిల్లాకు ఆ జిల్లా ఆయన పేరు, ఆ జిల్లాకు ఈ జిల్లా ఆయన పేరు. వియ్యాలవాళ్లు పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్నట్టు.

మళ్లీ 1970కి వస్తాను. కొత్త జిల్లాలోకి గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు వచ్చాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి. పటం మీద చూస్తే ఏమీ తెలియదు. చేలో నిలబడి చూస్తే తెలుస్తుంది. నెల్లూరు అంటే పెన్న డెల్టా, వరి, మొలగొలుకుల బియ్యం. ఆ డెల్టాకు పైన ఎండిపోయి ఉన్న మెట్ట మేము. ఒకే జిల్లాలో ఉన్నన్నాళ్లు నెల్లూరు వాళ్లది అన్నం, మాది జొన్న సంకటి అయినా, లెక్క కలిపి రాస్తే జిల్లా పచ్చగా కనపడేది. ఇప్పుడు మెట్టంతా ఒక జిల్లా అయింది. “పిత్రార్జితం పంచుకునేటప్పుడు మాగాణి పెద్దోడికీ, మెట్ట చిన్నోడికీ పడ్డట్టుండాది,” అని తాత అంటే, నాయన “మాగాణి మనకెప్పుడుండింది నాయనా, పోవడానికి,” అనేవాడు. నాయన మాట నిజమే. కానీ తాత మాటే ఊళ్లో తిరిగింది.

నీళ్ల సంగతి ఇంకా తమాషా. లింగసముద్రం దగ్గర మన్నేరు మీద రాళ్లపాడు ప్రాజెక్టు. మన్నేరుకు నీళ్లెప్పుడొస్తాయో దేవుడికే తెలియదు. తర్వాతి కాలంలో సోమశిల నుంచి కాలువ తీసి రాళ్లపాడుకు కలిపారు. చెరువు ప్రకాశంలో, నీళ్లు నెల్లూరులో. ఎన్ని నీళ్లు ఎప్పుడొదలాలో నిర్ణయించే సమావేశం నెల్లూరు కలెక్టరాఫీసులో. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రైతులు అర్జీలు రాయించుకునేదానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు. (నేనూ నాయన లాగే గుమాస్తానే అయ్యాను, ఎట్టా అయ్యానో చెప్తాను.) అర్జీలో మొదటి వరస దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఎవరికి రాయాల? మన కలెక్టరుకు రాస్తే నీళ్లు ఆయన చేతిలో లేవు. పక్క జిల్లా కలెక్టరుకు రాస్తే ఆయనకు మనం ఏమవుతాం? రెండు రాసి, ఒకటి ఒంగోలు బస్సుకు, ఒకటి నెల్లూరు బస్సుకు పంపేవాళ్లం.

ఇక నా సంగతి. మా మేనమామది కావలి. కందుకూరుకూ కావలికీ యాభై కిలోమీటర్లు ఉంటుందేమో. మా బావా నేనూ ఈడుజోడు. సెలవలకు నేనక్కడా వాడిక్కడా. ఇద్దరం ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాం, ఇద్దరం డాక్టర్లం కావాలని. 1974లో కొత్త నిబంధన వచ్చింది. కాలేజీ సీట్లలో నూటికి 85 స్థానికులకు. స్థానికం అంటే ఏంది? రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. ఉస్మానియా ప్రాంతం, ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. నెల్లూరు జిల్లా రాయలసీమతో కలిసి ఎస్వీ వైపు పోయింది. ప్రకాశం గుంటూరుతో కలిసి ఆంధ్రా వైపు పోయింది. అంటే కావలి బావకు తిరుపతి స్థానికం. నాకు తిరుపతి పరాయి ఊరు. గుంటూరు, కాకినాడ, విశాఖపట్నం నా స్థానికం. విశాఖపట్నం నేను చూసింది కూడా లేదు!

బావకు తిరుపతిలో సీటొచ్చింది. నాకు ఎక్కడా రాలేదు.

చాలా ఏళ్లు నేను దీన్ని జిల్లా మీదకు నెట్టుకుంటూ తిరిగాను. “1970లో ఆ గీత కొట్టకపోయి ఉంటే” అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఎవరన్నా వింటారనుకుంటే చాలు మొదలుపెట్టేవాణ్ణి. ఒకసారి బావ ముందరే అన్నాను. వాడు పాపం ఏమీ అనలేదు. మా మామ మాత్రం “నీ మార్కులెన్నిరా?” అన్నాడు. బావకూ నాకూ మార్కుల్లో ఉన్న తేడా ఏ జిల్లాలో ఉన్నా పూడేది కాదు. తిరుపతికి నేను స్థానికుణ్ణే అయి ఉన్నా ఆ ఏడు నాకు వచ్చేది కాదు. నాకా విషయం అప్పుడూ తెలుసు.

గుంటూరు వైపు పోయిన మా లెక్క ఇంకొన్ని చోట్ల కూడా కనపడేది. 1976లో నాగార్జున యూనివర్సిటీ పెట్టాక మా కాలేజీలు అటు చేరాయి. ఎస్వీ పట్టా ఉన్న అన్నకూ నాగార్జున పట్టా ఉన్న తమ్ముడికీ ఒకే కాలేజీ, ఒకే బెంచి. పోస్టల్ పిన్ వచ్చినప్పుడు మాకు 523, కావలికి 524. మామకు ఉత్తరం రాసేటప్పుడు అమ్మ ప్రతిసారీ తడబడి మా పిన్నే వేసేది. ఉత్తరాలు మాత్రం చేరేవి. బండ్లకు కొత్త నంబర్లొచ్చాక ఏపీ 26 వాళ్లు, ఏపీ 27 మేము.

మంచి జరగలేదా అంటే, జరిగింది. నాయన 1981లో పోయాడు. అమ్మ పెన్షన్ కాయితాల కోసం తిరగాల్సి వచ్చింది. అదే నెల్లూరు అయితే పొద్దున బస్సెక్కి, మధ్యాహ్నానికి చేరి, ఆఫీసరు లేడంటే రాత్రికి చుట్టాలింట్లో పడుకోవాల. తాతలనాడు అట్టాగే చేసేవాళ్లు. నెల్లూరు పోతే రంగనాయకులస్వామిని చూసుకొని, పెన్నలో మునిగి, రెండురోజులకు తిరిగొచ్చేవాళ్లు. ఒంగోలు యాభై కిలోమీటర్ల లోపే. అమ్మ పొద్దున చద్దన్నం తిని బయలుదేరి, సంతకం పెట్టి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉండేది. వచ్చి కాళ్లు కడుక్కుంటూ, “ఎవరు చేశారోగానీ పున్యాత్ములు,” అనేది. తాత బతికి ఉంటే ఏమనేవాడో. ఆయన మరుసటి తరం మీద అలిగి పోయే రకం కాదులే.

కానీ మాట మారలేదు. ఒంగోలు ఆఫీసులో మేం నోరు తెరిస్తే “నెల్లూరోళ్లా?” అనేవాళ్లు. నెల్లూరు పోతే “ఒంగోలోళ్లు” అనేవాళ్లు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేసే విషయంలో మాత్రం మేము నెల్లూరే. ఉలవపాడు మామిడికాయ చేతిలో ఉండగా చింతపండు ఒక్కదాంతోనే పులుసు పెట్టేవాళ్లతో మాకు ఏం పని.

2014 గురించి ఎక్కువ రాయను. మా అబ్బాయి 2005 నుంచి హైదరాబాదులో ఉన్నాడు. జూన్ 2న ఫోన్ చేస్తే, “ఏం మారలేదు నాన్నా, ఆఫీసు అదే, ఇల్లు అదే, కొత్త బండికి టీఎస్ నంబరొస్తుంది అంతే,” అన్నాడు. వాడి గొంతులో ఏదో ఉంది, నేను అడగలేదు. 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో మొదలైనప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. తాత కేసు ఇంకా నడుస్తా ఉంటే ఆ కట్టకు అది నాలుగో ఊరు.

ఇక 2022 సంగతి. ఆ ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక లోక్‌సభ నియోజకవర్గం ఒక జిల్లా అన్నది లెక్క. కందుకూరు 2009 నుంచి నెల్లూరు లోక్‌సభలో ఉంది కాబట్టి, 52 ఏళ్ల తర్వాత మేం మళ్లీ నెల్లూరు జిల్లా అయ్యాం. ఊళ్లో సంబరపడ్డవాళ్లు తక్కువ. దగ్గరున్న ఒంగోలును వదిలి వంద కిలోమీటర్ల పైన ఉన్న నెల్లూరుకు ఎందుకు పోవాలన్నది అందరి మాట. రెవెన్యూ డివిజనైనా ఉంచమని శిబిరాలు వేశారు. రామాయపట్నం ఓడరేవు మీ వెంట పోయిందని ఒంగోలు మిత్రుడొకడు నా మీద అలిగాడు, నేనేదో జేబులో వేసుకొని పోయినట్టు. రాళ్లపాడు రైతు ఒకాయన మాత్రం బజార్లో కనపడి, “ఇప్పుడు ఒక్క అర్జీ చాలు గదా సారూ,” అన్నాడు. ఇన్నేళ్లలో జిల్లా మార్పు మీద నేను విన్నవాటిలో పనికొచ్చే మాట అదొక్కటే.

ఆ రోజుల్లోనే మా ఊరి సచివాలయంలో ఏదో సర్టిఫికెట్‌కు పోయాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయి. “జిల్లా ఏది తాతా?” అంది. నేను ఒక క్షణం తడుముకున్నాను. ఆ అమ్మాయే బాణం కిందికి జరిపి, నెల్లూరు మీద నొక్కింది. టిక్కుమని శబ్దం. అంతే. ఎర్రసిరా లేదు, రూళ్లకర్ర లేదు. ప్రకాశం అని అక్కడొకప్పుడు ఉండిందని ఆ తెర మీద ఎక్కడా కనపడలేదు.

ఇంటికొచ్చి తాత ట్రంకు పెట్టె దించాను. గులాబీలు ఎప్పుడో తుప్పుపట్టి పోయాయి. పైన కేసు కట్ట, మూడు ఊళ్ల ముద్రలతో. కింద నాయన పెన్షన్ కాయితాలు. అట్టడుగున, పెట్టెకు పరిచిన కాయితాల్లో, ఒక ఫారం. ఒకవైపు నా ఏడో తరగతి లెక్కలు, వడ్డీ లెక్కలు, సగం తప్పులు. రెండోవైపు తిప్పితే నెల్లూరు జిల్లా, దాని మీద ఎర్ర గీత, గీత కింద అక్షరాలు చక్కగా చదవను వస్తున్నాయి. పైన నీలంసిరాతో నా రాత.

అక్క పండక్కి వచ్చి ఉంది. తీసుకెళ్లి చూపించాను. నాయన గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. కళ్లజోడు ముక్కు మీదకు దించుకొని, కాయితం వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

“ఒగోలు అని రాశావు. సున్నా ఏదిరా?” అంది.

నా జేబులో పెన్ను తీసుకొని, సున్నా పెట్టి, కాయితం నా చేతికిచ్చింది.